చేతులు కట్టుకుని దిగిన మనిషి

“ఖాళీ చేతులతో వచ్చానని కోపమా ఆంటీ?”

“కోపమెందుకే తల్లీ. ముందు ఆ తల తుడుచుకో.”

మా అమ్మాయి స్నేహితురాలితో నా ఆఖరి మాటలవి. తర్వాత ఆమె ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్ళిపోయింది. నేను అమెరికాలో మా అమ్మాయి దగ్గరున్న రోజుల్లో ఆమెకి వారమంతా రెడ్‌మండ్‌లో ఆఫీసు, శనివారం వస్తే వీపున గాలి సిలిండర్ కట్టుకుని ఆ చన్నీటి సముద్రంలో దిగేది. ఒడ్డుకు దగ్గర్లోనే, కొబ్బరిచెట్టంత లోతున, పాత చెక్క పడవ ఒకటి మునిగి ఉందట.

మా ఆయన మా ఊరి సముద్రంలో చేపల వేటకెళ్ళి పడవతో సహా మునిగిపోయాడు. ఒక్క చెక్కయినా ఒడ్డుకు రాలేదు. అందుకే ఆ రోజు ఆమె నీళ్ళలో దిగేముందు అడిగాను, “ఏ పడవదైతేనేం, నాకో ముక్క తెచ్చిపెట్టు” అని.

పైకొచ్చేసరికి ఆమె పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి.

“తీయలేకపోయా ఆంటీ. పడవంతా తెల్లటి పూలలాంటి ప్రాణులు. చెక్కల సందుల్లోంచి చేపలు తొంగి చూస్తున్నాయి. ఒకరింటికెళ్ళి గోడ పీక్కొస్తామా? నేనెప్పుడూ ఇలాగే ఉంటా అక్కడ” అంటూ రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని చూపించింది, పెద్దల ముందు నిలబడ్డట్టు.

ఇన్నేళ్ళూ ఆయన పడవ చీకట్లో కుళ్ళిపోతోందనే అనుకున్నాను. చేపల్ని పట్టి బతికినవాళ్ళం మేము. ఇప్పుడు ఆ చేపలే ఆయన పడవలో కాపురమున్నాయేమో!

నేను చెప్పిందంతా రాశావా అమ్మాయ్? ఏదీ, చేపలు తొంగి చూశాయన్న చోటు చదువు. మీ నాన్న సంగతది, మెల్లిగా చదువు.