కొలిమి దుమ్ము

దక్షిణాఫ్రికాలో వాల్ నది ఒడ్డున ఉన్న ఉక్కు ఫ్యాక్టరీలో మోహపిది ఒకటే పని. కరెంటు కొలిమి పొగలోంచి పట్టిన సీసం, జింకు కలిసిన దుమ్మును పారతో ఎత్తి, తడిపి, ఉండలు కట్టే యంత్రంలో పోస్తాడు. ఆ ఉండల్లోంచి జింకు తీస్తారు. పార ఎత్తాడంటే చాలు, ముక్కు మీదికి గుడ్డ లాక్కుని ఊపిరి బిగబడతాడు.

"ఊపిరి కూడా దాచుకుంటావేంటి బావా!" అని పక్కన పనిచేసే సెల్లో నవ్వేవాడు. తను మాత్రం గుడ్డ కట్టేవాడు కాదు.

ఆ సెల్లో ఛాతీజబ్బుతో పోయాడు. శ్మశానంలో గోతి పూడ్చే పార మగవాళ్ల చేతులు మారి మోహపి దగ్గరికొచ్చింది. ఏడుపు రాలేదు. కాలరు ముక్కు మీదికి లాక్కుని, ఊపిరి బిగబట్టి, మట్టి తోశాడు. కంబళి కప్పుకుని కూర్చున్న సెల్లో భార్య అది చూసింది.

"దించెయ్ అన్నా. ఇది మట్టే. ఊపిరి పీల్చుకో."

దించాడు. గుండెనిండా పీల్చాడు. తెల్లవారుజామున పడ్డ వానకు మట్టంతా తడిసే ఉంది. అతనికి ఏ వాసనా తెలియలేదు.