మునెమ్మకు జడ వేసింది ఎవరు

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. మొగుడు పోయాక చంద్రగిరి కోట వెనక చెనక్కాయ చేలో ఒక్కదాన్నే కాపలా పడుకున్న మనిషిని. అయినా ఈ ఒక్క సంగతి చెప్పాలి.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. నా కూతురు మునెమ్మకు పెళ్లీడు. ముందు కీళ్లు వాచాయి. పుత్తూరు తీసుకుపోతే కట్లు కట్టే ఆయన చెయ్యి పట్టి చూసి, "ఎముక బాగుండాదమ్మా. ఇది నా కట్టుకు లొంగే నొప్పి గాదు" అన్నాడు. తరువాత ఎండలోకి పోతే చాలు, రెండు చెంపలూ ముక్కూ ఎర్రగా కందిపోయేవి.

మా ఆడబిడ్డ ఆ ఎరుపు చూసి, "అమ్మవారు పోసింది మే. తాళింపు పెట్టగాకు, తల దువ్వగాకు" అంది. అమ్మవారు ఇంట్లో ఉన్నన్నాళ్లూ మాలో ఎవరూ తల దువ్వరు. దువ్వెనను గుడ్డలో మూటగట్టి అటక మీద పెట్టింది.

ఎరుపు దిగలేదు. మూర్ఛలు మొదలయ్యాయి. ఆ పైన మునెమ్మ నన్నే గుర్తుపట్టలేదు. గంజి తీసుకుపోతే, "ఎవురు నువ్వు? మాయమ్మను పిల్సు" అనేది. నేనేనే మీ అమ్మను అంటే మొహం తిప్పుకునేది. నాకు ఏడుపు కూడా రాలేదు. ఒక్కసారి నన్ను చూసి అమ్మా అంటే చాలనుకున్నాను, అంతే.

ఆసుపత్రికి బండి మాట్లాడడానికి నేనూ ఆడబిడ్డా పోయాము. తలుపుకు బయట తాళం వేశాను. తిరిగి వచ్చి ఆ తాళం తీసేసరికి మునెమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఉండలు కట్టిన జుట్టు చిక్కు తీసి, నున్నగా దువ్వి, జడ వేసి ఉంది. తన వేళ్లతో ముద్ద కూడా కలుపుకోలేని పిల్ల అది.

ఆడబిడ్డ నా మీద లేచింది. "దువ్వగాకంటే ఇనవా? అమ్మవారితో ఎగతాళా?"

"నీతోనే గదా వదినా ఉండాను," అన్నాను.

అటక మీది మూట దింపి చూశాము. వేసిన ముడి వేసినట్టే ఉంది.

"ఎవురు దువ్వినారే?" అని మునెమ్మను అడిగాను.

"మాయమ్మ. ఇప్పుడే పోయింది, నువ్వొచ్చేది సూసి."

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇది అమ్మవారు కాదు, లూపస్ అనే జబ్బు అంది. రక్తనాళాలు వాచాయట, మెదడులోవి కూడా. అందుకే మూర్ఛలు, అందుకే మనుషులను పోల్చుకోలేకపోవడం. నయం చేసే మందు లేదంది. ఆమె చెప్పినవన్నీ సరిపోయాయి. జడ గురించి అడిగితే మాత్రం పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

మునెమ్మ అక్కడే పోయింది. పోయేముందు "అమ్మా" అని పిలిచింది. నేను పక్కనే ఉన్నాను. దాని చూపు నా భుజం మీదుగా వాకిలి వైపు ఉంది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. ఎవరిని పిలిచిందో ఇప్పటికీ నాకు తెలియదు.