ఉత్త డబ్బా ఎట్లిస్తం?

ఆ రోజుల్లో ఉద్యోగస్తుడికి నేను పెట్టుకున్న గుర్తు ఒకటే: మెడలో ఏదో ఒకటి వేలాడాలి. ఫోరస్ రోడ్డు మీది కిరాణా కొట్టులో చేరిన నాడే నా మెడలో తాళంచెవి వేలాడింది. (అది దుకాణానిది కాదు, వెనకనున్న పాయిఖానాది. ఆ సంగతి మా అమ్మకు ఇప్పటికీ తెలియదు.) ఆమె కామాటిపురాలోని మా చాల్ అనే ఇరుకు గదుల భవనం నాలుగంతస్తులూ ఎక్కి దిగి, గుమ్మం గుమ్మానా ఆగి, నేను మేనేజర్‌నయ్యానని చెప్పి వచ్చింది. ఆ కొలువు పోతే ఆ మెట్ల మీద నాకు నడిచే దారి లేదు.

ఆ ఏడు వానలకు వీధులన్నీ మునిగి, నేరమంతా ప్లాస్టిక్ సంచుల మీద పడింది. మా సేఠ్‌కు ఆవేశం వచ్చింది. ఇకమీదట పప్పు, చక్కెర మూతల స్టీలు డబ్బాల్లో ఇళ్లకు పంపాలి, సరుకు అయిపోగానే డబ్బా దుకాణానికి తిరిగి రావాలి, మళ్లీ నింపి పంపాలి. ముప్పై డబ్బాలు తెప్పించాడు. ఎండలో పెడితే ఆ మెరుపుకు ఫాక్‌లాండ్ రోడ్డు మీద టాక్సీలు ఆగిపోయేవి. ముప్పైకి ముప్పై మా చాల్‌లో నేనే పంచాను. నెల గడిచినా ఒక్కటీ తిరిగి రాలేదు. ఓ శనివారం పొద్దున్నే సేఠ్ మెల్లగా, "ఆజ్ డబ్బా నహీ ఆయా, తో కల్ సే తూ భీ మత్ ఆనా" అన్నాడు. (ఈరోజు డబ్బాలు రాకపోతే రేపటి నుంచి నువ్వూ రావద్దని. అరిచి చెప్పినవేవీ ఆయన చేసేవాడు కాదు. మెల్లగా అన్నవి మాత్రం తప్పక చేసేవాడు.)

పరుగున వెళ్లి మొదట మా పెద్దమ్మను అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఉత్త డబ్బా ఎట్లిస్తంరా? ఇంటికొచ్చిన గిన్నె ఉత్తగ పోతదా? జర ఆగు, ఏమన్న మంచిది వండినంక ఇస్త."

ఏ గుమ్మంలో అడిగినా అదే మాట. నెల రోజులుగా డబ్బాలన్నీ తోమించుకుని, తమకు తగిన వంటకం కోసం అరల మీద ఎదురుచూస్తున్నాయి. సేఠ్‌కు కావలసింది ఖాళీ డబ్బాలేనని ఎంత చెప్పినా, పెద్దమనుషులు మొహమాటానికి అట్లాగే అంటారని నాకే సర్దిచెప్పారు. గడ్డాలు పట్టుకుని బతిమాలాక పొయ్యిలు వెలిగాయి. మధ్యాహ్నానికల్లా సకినాల వాసన, సర్వపిండి వాసన వర్లి దాకా వెళ్లాయి. అక్కడి మన తెలుగువాళ్లు పెళ్లెవరిదని వాకబు చేశారట.

అలా ఇరవై తొమ్మిది నిండాయి. ముప్పయ్యోది పై అంతస్తులో పాలమూరు అవ్వ దగ్గర ఉంది. వానలకు ఆమె కొడుకు బిల్డింగు పని ఆగిపోయి అప్పటికి మూడు వారాలు. డబ్బా దొరకడం లేదని తలుపు సందులోంచి చెప్పింది. ఆమె వెనక అర మీద అది మెరుస్తూనే ఉంది. నా కొలువు పోతుందని గొంతు పెంచాను. అవ్వ తలుపు పూర్తిగా తీసింది. పొయ్యి చల్లగా ఉంది.

"నౌకరి పోవద్దు బిడ్డా. కని ఏం పెట్టియ్యాలె, నువ్వే చెప్పు."

కిటికీలో పాత నూనె డబ్బాలో ఒక కరివేపాకు మొక్క కనిపించింది. "మా సేఠ్‌కు కరివేపాకంటే పానం అవ్వా" అన్నాను. ఆమె కాసేపు నా మొహంలోకి చూసి, లేచి మొక్కకు దాదాపు గుండు చేసింది.

సాయంత్రం సేఠ్ మూతలు తీస్తూ, జనం సరుకు మార్చి వాపసు పంపారనుకుని నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత ఒక సకినం కొరికి చల్లబడ్డాడు. కరివేపాకు దగ్గర ఆగి ఇదేమిటని అడిగాడు. నాకు అబద్ధం తోచక అవ్వ సంగతంతా చెప్పేశాను. నమలడం ఆపాడు. ఆకును జాగ్రత్తగా కాగితంలో పొట్లం కట్టుకుని, డబ్బా నా చేతికిచ్చి, బియ్యం బస్తా వైపు చూపించి, "ఖాలీ మత్ లే జానా" అన్నాడు. (ఖాళీగా తీసుకెళ్లకు అని.) నా కొలువు నిలిచిందని నాకు అలా తెలిసింది.

నా తెలివికి నేనే మురుస్తూ నాలుగంతస్తులూ ఎక్కాను. అవ్వ మూత తీసి, బియ్యంలో వేళ్లు పెట్టింది.

"అబద్ధమాడుడు రాదు బిడ్డా నీకు" అంది. "జర నేర్చుకో."

అప్పటి నుంచి నేర్చుకుంటూనే ఉన్నాను. పెద్ద పెద్దవి ఆడాను, జనం నమ్మారు కూడా. కానీ ఆ తాళంచెవి కుర్రాడు కరివేపాకు మీద ఆడినంత మంచి అబద్ధం మాత్రం మళ్లీ ఒక్కటీ ఆడలేకపోయాను.