రెండోసారి ఆపరేషను వద్దన్న మా ఆయన

సంఘానికి వందనాలు. సహోదరులారా, సహోదరీలారా, ఆ దినాలు తలచుకుంటే నాకు ఇప్పటికీ ముందు కోపం వస్తుంది, ఆ తర్వాతే కన్నీళ్ళు వస్తాయి. మా ఆయన జయరాజు మీకందరికీ తెలుసు, నగరిలో నూలుకు రంగులద్దే షెడ్డులో ఏండ్ల తరబడి పనిచేసి, ఇప్పుడు పాకాలలో సైకిళ్ళ అంగడి పెట్టుకున్న మనిషి. ఒకరోజు ఆయనకు మూత్రంలో నెత్తురు పడింది. నొప్పి లేదు, మంట లేదు, అందుకని వేడి చేసిందని తనకు తానే తేల్చేసుకుని సబ్జా నీళ్ళు తాగుతూ కూర్చున్నాడు. నేను పోరి పోరి తిరుపతికి తీసుకెళ్తే, గొట్టం వేసి చూసి, మూత్రసంచిలో గడ్డ ఉంది, క్యాన్సరులాగే ఉంది అన్నారు.

మొదటి ఆపరేషను అక్కడే జరిగింది. దీనికి పొట్ట కోయరు, మూత్రం వచ్చే దారిలోనే గొట్టం పంపి, దాని కొసన ఉన్న సన్నటి తీగకు కరెంటు ఇచ్చి గడ్డను ముక్కలు ముక్కలుగా గోకి తీస్తారు. తీశారు, నెత్తురు ఆగింది, మనమందరం ఉపవాస ప్రార్థన చేశాం, ప్రభువుకు స్తోత్రం. ఇక్కడే సహోదరులారా, మనకున్న ఒక అలవాటు గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. ఎవరికైనా కాస్త నెమ్మదించిందంటే చాలు, వచ్చే ఆదివారమే లేపి నిలబెట్టి సాక్ష్యం చెప్పిస్తాం. ఆ ముక్కలను పరీక్షకు పంపిన రిపోర్టు ఇంకా రానేలేదు, మా ఆయన మైకు పట్టుకుని, "నా కడుపులో గడ్డ యేర్లతో సహా పాయ, ఇంగ ఆస్పత్రి గడప తొక్కే పనే లేదు" అని చెప్పేశాడు, మీరంతా ఆమెన్ అన్నారు, కృతజ్ఞతార్పణ కూడా ఇచ్చేసి వచ్చాడు. నేను ఆడవాళ్ళ వైపు కూర్చుని కొంగు నోట్లో కుక్కుకున్నాను.

తర్వాత వచ్చింది రిపోర్టు. గడ్డ క్యాన్సరే, కానీ పంపిన ముక్కల్లో సంచి గోడ కండ లేదు, కాబట్టి అది కండలోకి దిగిందో లేదో చెప్పలేం, మళ్ళీ చేయాలి అని. దిగి ఉంటే సంచి మొత్తం తీసేయాల్సి రావచ్చు, దిగకపోతే సంచిని కాపాడుకోవచ్చు. మా బతుకంతా ఆ ఒక్క సంగతి మీద ఆధారపడి ఉంది.

ఈసారి ఒక డాక్టరమ్మ ఓపికగా కూర్చోబెట్టి చెప్పింది. "ముక్కలుగా తీసేది తప్పేం కాదమ్మా, పెద్ద గడ్డలకు చాలాసార్లు అదే దారి. మీ ఆయనకు మిగిలిన చోటు చిన్నది, లేజరుతో చుట్టూ కోసి అడుగు కండతో సహా ఒకటే ముక్కగా ఎత్తొచ్చు, పుట్టగొడుగును మట్టితో ఎత్తినట్టు. అట్లయితే ఎంత లోతుకు పోయిందో పరీక్షలో బాగా తెలుస్తుంది. పైగా ఇది సంచి పక్కగోడకు ఉండాది, ఆడ పక్కనే కాలి నరం పోతుంది, దానికి కరెంటు తగిలితే ఒక్కోసారి కాలు ఎగిరి తన్నుతుంది, సంచికి చిల్లు పడే భయం. లేజరుతో ఆ భయం తక్కువ." గడ్డ మళ్ళీ రాకుండా ఏది మేలమ్మా అని అడిగాను. "దేనితో తీసినా మళ్ళీ రావచ్చు, చూపించుకుంటా ఉండాల్సిందే" అంది.

ఇంటికొచ్చాక మా ఆయన మంచం దిగలేదు. "సంఘం ముందర నయమైందని సెప్పినాను. మళ్ళా పోయి కోయించుకుంటే దేవుడు అబద్ధం ఆడినట్టు గాదా?" అన్నాడు. అబద్ధం ఆడింది దేవుడా, నువ్వా అని అడిగితే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆపైన మన సంఘంలో ప్రతి ఒక్కరూ డాక్టర్లైపోయారు. దేవుడు మొట్టమొదట కలగజేసింది వెలుగునే, లేజరు కూడా వెలుగే, కాబట్టి లేజరే దేవుని చిత్తమని మన సంఘపెద్ద శామ్యూలన్న. తన తోడల్లుడికి వేలూరులో కరెంటుతోనే చేశారు, వాడిప్పుడు మూటలు మోస్తున్నాడని ఇంకో అన్న. ఒక అక్క అయితే చెంబు నిండా అరటిదూట రసం తెచ్చింది, అది కిడ్నీలో రాళ్ళకు తాగేది అక్కా అంటే, గడ్డ మాత్రం గట్టిగా ఉండదా అంది. ఇంత వాదించినవాళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, రిపోర్టులో ఏముందని అడగలేదు. డాక్టరమ్మ రమ్మన్న రోజు కూడా దాటిపోయింది.

ఆ సాయంత్రం పొయ్యి ముందు రాగి సంగటి కెలుకుతూ, చేతిలో కట్టె ఆపకుండానే నేను గట్టిగా ప్రార్థన చేశాను. "ప్రభువా, నీ పరువు పోతాదని ఈ మనిషి సచ్చేదానికి సిద్ధమైనాడు. నా పరువు కాపాడు అని నువ్వెప్పుడన్నా ఈయన్ని అడిగితివా తండ్రీ? ఆ పరువేందో నువ్వే సూసుకో. లేజరా, కరెంటా అని కొట్లాడే ఓపిక నాకు లేదు. ఆ డాక్టరమ్మకు తెలివినిచ్చింది నువ్వే గదా. ఈయన్ని లేపి ఆ బల్ల మీద పండబెట్టు. నా మొగుణ్ణి నాకియ్యి." కళ్ళు తెరిచేసరికి ఆయన గడప దగ్గర నిలబడి ఉన్నాడు. అరుస్తాడనుకున్నాను. పీట వేసుకుని కూర్చుని, సంగటి తిని, చేయి కడుక్కుంటూ, "రేపు ఏ బస్సుకు పోదాం?" అన్నాడు.

లేజరుతోనే చేశారు, ఒకటే ముక్కగా తీశారు. యేర్లతో సహా పోయిందని ఈయన చెప్పిన చోట గడ్డ ఇంకా మిగిలే ఉంది సహోదరులారా. కానీ నా దేవుడు ఎంత మంచివాడో చూడండి, అది కండలోకి దిగలేదు! సంచి తీయాల్సిన పని లేదని డాక్టరమ్మ చెబితే ఆసుపత్రి వరండాలో కూర్చుని బిగ్గరగా ఏడ్చాను. ఇప్పుడు శామ్యూలన్న లేజరే గెలిచిందని ఊరంతా చెబుతున్నాడు. అన్నా, కోపం తెచ్చుకోవద్దు, మా ఆయనకు అది సరిపోయింది, రేపు ఇంకొకరికి కరెంటు తీగే సరిపోవచ్చు, అది గడ్డను చూసిన డాక్టరు చెప్పాల్సిన మాట, మనం చేతులెత్తి తేల్చేది కాదు.

మీలో ఎవరికైనా మూత్రంలో నెత్తురు కనిపిస్తే, నొప్పి లేకపోయినా, ప్రార్థన చేయగానే ఆగిపోయినా, దాచిపెట్టుకోవద్దు. ఇద్దరం మోకరిద్దాం, ఆ వెంటనే బస్సెక్కుదాం, నేను తోడొస్తాను. ప్రభువును నమ్మండి, ఆయన మనల్ని ఆసుపత్రి వాకిట్లో వదిలేసి వెనక్కి వెళ్ళిపోయేవాడు కాడు.

ఈ గురువారం మా ఆయనకు మళ్ళీ గొట్టం వేసి చూస్తారు. ఏం కనిపిస్తుందో నాకు తెలియదు. రిపోర్టు వచ్చాక సాక్ష్యం చెబుదువులే అని ఆయనే అన్నాడు, నేను వినలేదు. ఎందుకంటే నిన్న నా చేయి పట్టుకుని, "నాకు బయంగా ఉండాది మే, అయినా పోదాం" అన్నాడు. పెండ్లయినప్పటి నుంచి ఆ మనిషి నోట భయం అనే మాట నేను వినలేదు, ఆ మాట పలికించిన దేవునికే మహిమ. గురువారం దాకా ఆయన కోసం ప్రార్థన చేయండి.