కూత ఆగిన క్వార్టర్‌బ్యాక్

అమెరికా సైనికులకు వాళ్ల ఫుట్‌బాల్‌లో ఉరకడం నేర్పింది నేనే అని మా వాడకట్టులో చాలామందికి చెప్పాను. చెప్పగా చెప్పగా సైనికులు పటాలమయ్యారు, పటాలం వెనక ఒక జనరల్ కూడా వచ్చి నిలబడ్డాడు. నిజానికి అక్కడ సైనికుడు ఒక్కడూ లేడు. సౌదీలో దమ్మామ్ పక్కన మా క్యాంపులో ఇద్దరు అమెరికా ఫోర్‌మన్లు, ఒక్కొక్కరి కింద ఒక్కో జట్టుగా జనరేటర్లూ పైపులూ చూసుకునే మేమూ. అంతే.

యుద్ధం అయిపోయింది. కువైట్ నూనె బావులు ఇంకా కాలుతుండేవి, ఉతికి ఆరేసిన బనియన్ల మీద మసి పడేది. యుద్ధమప్పుడు ఆపిన చుట్టీలు, అంటే ఇంటికి పోయే సెలవులు, మళ్లీ ఇస్తామన్నారు. రెండు జట్లూ ఒకేసారి ఇంటికి పోతే జనరేటర్లు నడిపేదెవరు? ముందు ఎవరిని పంపాలో తేలక ఫోర్‌మన్లు పోట్లాడుకుని, చివరికి శుక్రవారం వాళ్ల దేశపు ఫుట్‌బాల్ ఆడి గెలిచిన జట్టును పంపుదామన్నారు. తొందర నాకు కాదు, నా గదిలో ఉండే పెద్దపల్లి ప్లంబరుకు. యుద్ధం నడుస్తుండగా అతనికి కూతురు పుట్టింది. ఇంకా చూడలేదు. మేము చుట్టాలం కాకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్లం.

మా ఫోర్‌మన్ మమ్మల్ని టీవీ ముందు కూర్చోబెట్టి ఆట చెప్పాడు. బంతిని మొదట అందుకునేవాడు క్వార్టర్‌బ్యాక్. వాడు పాకెట్‌లో ఉండాలి అన్నాడు. నేను ప్లంబరు వైపు చూశాను.

"బంతిని జేబుల వెట్టుకోమంటుండు బావా."

"గంత బంతి ఏ జేబుల వడతది?"

"నీ డ్యూటీ డాంగ్రీ జేబు పెద్దదే గద."

ఫోర్‌మన్ చాయ్ గ్లాసులు గుండ్రంగా పేర్చి, మధ్యలో ఒకటి పెట్టి చూపించాడు. చుట్టూ సొంతవాళ్లు కట్టే గోడ, లోపలి జాగా పాకెట్. అందులో నిలబడి, మనవాడు ఎక్కడున్నాడో చూసి బంతి విసరాలి. కొందరు నిలబడరు, సందు దొరికితే తామే ఉరుకుతారు. కాలేజీ ఆటలో ఉరికేవాడే మొనగాడు కానీ, జీతానికి ఆడే పెద్ద జట్లలోకి వచ్చాక వాడి మోకాళ్లు మిగలవు, నిలబడి విసిరేవాడే చాలాకాలం ఆడతాడు అని ఆయన వాదన. అది ఉరకలేనివాడి మాట అని రెండో ఫోర్‌మన్ నవ్వేవాడు. మా ఫోర్‌మన్ మోకాలు కాలేజీలోనే పోయింది మరి. ఇప్పుడు ఫోన్లో చూస్తే పెద్ద జట్లవాళ్లూ ఉరుకుతున్నారు. ఆయన చూస్తే ఏమంటాడో.

ఆ శుక్రవారం ఆయనే క్వార్టర్‌బ్యాక్. ఆట చివరికొచ్చేసరికి మోకాలు మొరాయించింది. కుంటుకుంటూ వచ్చి బంతి నా చేతిలో పెట్టాడు. నేను కబడ్డీలో జిల్లా జట్టుకు ఆడానని చెప్పి ఉన్నాను. ఆడింది మండలం దాకానే, అదీ ఎవరికో కాలు బెణికితే. మిగిలింది ఒక్క విడత ఆట, అవతలి గీత దాటితే చుట్టీ మాది. పాకెట్, పాకెట్ అని ఫోర్‌మన్ గీత బయటి నుంచి మొత్తుకుంటున్నాడు. అవతలి గీత దగ్గర ఒంటరిగా నిలబడి ప్లంబరు చేతులు ఊపుతున్నాడు.

బంతి అందగానే నా నోట్లోంచి కూత వచ్చేసింది. కబడ్డీ కబడ్డీ అంటూ సందులోంచి దూరి ఉరికాను. ఒక్కడూ నన్ను తాకలేదు. గీత ఇంకో నాలుగంగల్లో ఉందనగా దమ్ము అయిపోవచ్చింది. దమ్ము ఆగకముందే సొంత గీత చేరాలని చిన్ననాటి నుంచి కాళ్లకు అలవాటు. గిర్రున తిరిగి, వచ్చిన దారినే ఉరికి, మా గీత తొక్కి చెయ్యి పైకెత్తాను.

వాడకట్టులో చెప్పేటప్పుడు అవతలి గీత దాటేస్తాను, ప్లంబరును విమానం కూడా ఎక్కిస్తాను. జరిగింది ఇది. అవతలి జట్టు చుట్టీ మీద పోయింది.

ఆ పూట కలిసి తినేటప్పుడు ప్లంబరు ఒక్కమాటే అన్నాడు. "దమ్ము సాలకుంటె బంతి నాకిస్తే అయిపోతుండె గద బావా."

నెలల తర్వాత అవతలివాళ్లు తిరిగొచ్చాక అతని వంతు వచ్చింది. అప్పటికి పిల్ల నడక దాటి ఉరుకుడు నేర్చింది. తండ్రిని చూడగానే అమ్మమ్మ వెనక్కి ఉరికిందట. అతను తిరిగొచ్చి చెప్పిన ఈ మాటలకు మాత్రం నేనేమీ కలపలేదు.

"అందరు ఉరికి పట్టుకో అన్నరు. నేను ఉరకలే బావా. ఫోర్‌మన్ చెప్పినట్టు వాకిట్లనే నిలవడ్డ."

"వచ్చిందా?"

"తెల్లారి వచ్చింది. వచ్చి నా అంగి జేబుల చెయ్యి వెట్టింది."