నాన్న బొటనవేలు

మా నాన్న పనిచేసిన నాళ్లన్నీ బస్సు డిపోలో బ్రేకులే చూశాడు. రిటైరయ్యాక ఆయనకు మిగిలిన బండి నా కారొక్కటే. నెలకో ఆదివారం మెట్ల ముందు జాకీ పెట్టి, చెమటకు జారుతుందని కళ్లజోడు తీసి జేబులో వేసుకుని, చక్రం విప్పేవాడు. తర్వాత కళ్లు మూసుకుని బ్రేకు డిస్కు అంచు మీద బొటనవేలు నడిపేవాడు. డిస్కు అరిగితే అంచు దగ్గర గట్టు మిగిలి వేలికి తగులుతుంది.

"కళ్లకు మొహమాటం ఉంటుందే. వేలికి ఉండదు" అనేవాడు.

"ఆ వేలికి తెలిసినంత ఈయన నాలుక్కి తెలిస్తే, నా వంటకు ఏనాడో ఒక మంచిమాట దక్కేది" అని అమ్మ ఎత్తిపొడిచేది.

నాన్నకు షుగరు ముదిరింది. అరికాళ్లు మొద్దుబారాయని చెప్పాడు. వేళ్ల సంగతి చెప్పలేదు. మహా మొండి మనిషి. ఈమధ్య బ్రేకు వేస్తే గరగరమంటోందని నేనంటే, పట్టి చూసి "డిస్కులు గుండ్రాయిలా ఉన్నాయి. నీకన్నీ అనుమానాలే" అని కసిరాడు. ఆ వారంలోనే బడి గేటు దగ్గర కారు ఆగాల్సిన చోట ఆగలేదు. వెనక సీట్లో నా కూతురుంది.

పాపను దింపి నేరుగా వర్క్‌షాపుకు పోయాను. మెకానిక్ చక్రం విప్పి, "మీరే పట్టి చూడండి మేడమ్" అన్నాడు. ఏనాడూ స్పానరు పట్టని నా వేలికే గట్టు తగిలింది. నాన్న వేలికి తగల్లేదంటే ఏమిటో అర్థమై అక్కడే ఏడ్చాను. కొత్త డిస్కులు వేయించి, ఇంట్లో నోరు మెదపలేదు. ఈ పని కూడా లాగేసుకుంటే ఆయన ఏమైపోతాడు?

ఆదివారం వచ్చింది. మామూలుగానే కళ్లజోడు జేబులోకి పోయింది, చక్రం ఊడింది, కళ్లు మూతపడ్డాయి. వేలు కొత్త డిస్కు చుట్టూ తిరిగింది.

"గట్టు కాస్త లేచిందే. పర్లేదు, ఇంకో ఏడాది ఢోకా లేదు."

"సరే నాన్నా" అన్నాను.

నా గొంతు ఆయనకు తెలుసు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. తళతళలాడుతున్న డిస్కును చూశాడు, తన వేలిని చూసుకున్నాడు.

"ఎప్పుడు వేయించావ్?"

"మొన్ననే నాన్నా."

"అప్పటిదాకా పాపని ఎక్కించుకునే తిరిగావా?"

తలూపాను. ఆయన చక్రం ఎక్కించి, స్పానరు నా చేతికిచ్చాడు.

"నట్లు నువ్వే బిగించమ్మా. బిగిసిందో లేదో నాకు తెలియట్లేదు."

మెట్టు మీద కూలబడి నేను బిగిస్తున్న ప్రతి నట్టునూ చూస్తూ కూర్చున్నాడు. పాప లోపల్నుంచి వచ్చి, పక్కన కూర్చుని తాతయ్య బొటనవేలు పట్టుకుంది. ఆయన చాలాసేపు అటు తిరగలేదు. తలదించి చూసినప్పుడుగానీ అది పట్టుకుందని ఆయనకు తెలియలేదు.