ఏసీ మోతలో కీర్తన

నా చిన్నప్పుడు మా ఇంట్లో కీర్తన పాడాలంటే ముందు ఏసీ వెయ్యాల్సి వచ్చేది. మేముండేది సౌదీలో, రాస్ తనూరాలో. మా నాన్న రిఫైనరీలో కాంట్రాక్టు పని చేసేవాడు. ఆ ఊళ్లో చర్చి లేదు, అక్కడి చట్టం ప్రకారం ఉండే వీలూ లేదు. అందుకని శుక్రవారం మధ్యాహ్నం తెలిసిన నాలుగైదు కుటుంబాల వాళ్లు, భోజనానికి వచ్చినట్టుగా కూరగిన్నెలు పట్టుకుని మా ఇంటికి వచ్చేవారు. కిటికీకి బిగించిన మా పాత ఏసీ పిండిమరలా మోగేది. ఆ మోత చాటున అందరూ గుసగుసగా పాడేవారు. చలికాలంలోనూ అంతే. శాలువాలు కప్పుకుని, పళ్లు కటకటలాడుతుండగా దేవుణ్ణి స్తుతించిన వాళ్లం బహుశా మేమే అయ్యుంటాం.

అమ్మకు జబ్బు చేసింది. వైద్యానికని కాకినాడలో అమ్మమ్మ దగ్గరికి వెళ్లింది. నా బడి పాడవకూడదని నన్ను నాన్న దగ్గరే ఉంచారు. ఆయన డ్యూటీకి వెళ్తే ఇంట్లో నేనొక్కదాన్నే. బడి నుంచి వచ్చి, లోపల గడియ పెట్టుకుని, అమ్మ చీరలున్న బీరువా తెరిచి దాని ముందు కూర్చుని అన్నం తినేదాన్ని. ప్రతి శుక్రవారం అందరం అమ్మ కోసం ప్రార్థన చేసేవాళ్లం, గుసగుసగానే. ఒకనాడు ఊరి నుంచి ఫోను వచ్చింది. అమ్మ పోయింది. నా ప్రయాణం కాగితాలు సమయానికి కుదరక, నన్ను పై అంతస్తు వాళ్ల దగ్గర వదిలి నాన్న ఒక్కడే వెళ్లి వచ్చాడు.

ఎందుకు పోయిందని అడిగితే పెద్దవాళ్లు దేవుడి చిత్తమని తల నిమిరి పక్కకు తప్పుకునేవారు. చివరికి కారణం నేనే వెతికిపెట్టుకున్నాను. మేం మరీ చిన్నగా ప్రార్థన చేశాం. అంత మోతలో దేవుడికి వినపడలేదు. గట్టిగా అడిగుంటే అమ్మ బతికేది. ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా లోలోపలే కుమిలిపోయాను.

ఆ తర్వాత జరిగిన శుక్రవారపు కూడికలో, కీర్తన మొదలవగానే లేచి వెళ్లి ఏసీ ఆపేశాను. గొంతు చించుకుని పాడాను. అక్కడున్న వాళ్ల పైప్రాణాలు పైనే పోయాయి. ఒక అంకుల్ పరుగున వెళ్లి ఏసీ మళ్లీ వేశాడు. నాన్న నా నోరు మూశాడు. బయట ఎవరైనా వింటే ఉద్యోగాలు పోతాయనీ, అందర్నీ పట్టుకెళ్తారనీ నాకేం తెలుసు.

నన్ను వంటింట్లోకి తీసుకెళ్లింది పక్కింటి అక్క. పక్క విల్లాలో ఒక సౌదీ కుటుంబం దగ్గర పనిచేసేది, కోనసీమ మనిషి. వాళ్ల మేడమ్ మధ్యాహ్నం పడుకునే వేళ అడిగి, కాసేపు మా ఇంటికి వచ్చేది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఎందుకలా చేశావని అడిగింది. దాచుకున్నదంతా చెప్పేశాను.

అక్క నా అరచెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకుంది. పెదవులు మూసుకుని అదే కీర్తన లోపల్లోపలే పాడింది. ముందు గదిలో ఏసీ మోగుతూనే ఉంది, నా చెవికేమీ వినపడలేదు. చేతి కింద మాత్రం పాట సన్నగా అదురుతోంది.

“నీ చేతికే తెలిసింది కదే అమ్మడూ. ఆయనకి తెలీదా? మన మాట ఇన్నాడు.”

మరి ఎందుకు బతికించలేదని అడిగాను.

“అది నాకూ తెలీదే. నా బిడ్డ ఊళ్లో పోయిననాడు నేనిక్కడ అంట్లు తోముతున్నాను. ఎందుకయ్యా అని అప్పట్నించీ అడుగుతానే ఉన్నాను. సిలువ మీద యేసయ్య కూడా దేవుణ్ణి నన్నెందుకు విడిచిపెట్టావనే అడిగాడు. ఆయనకీ అప్పుడు జవాబు రాలేదు.”

మళ్లీ పాడబోయింది గానీ పాట రాలేదు. నా చేతి కింద గొంతు ఎగసి ఎగసి పడింది. చప్పుడు లేకుండా ఏడుస్తోందని అర్థమై నేనూ ఏడ్చాను. అమ్మ పోయాక నాతో కలిసి ఏడ్చిన మొదటి మనిషి ఆమె. అమ్మ నా వల్ల పోలేదని ఆ పూటే నమ్మాను.

కొన్నాళ్లకు అక్క ఊరెళ్లిపోయింది, మళ్లీ కనపడలేదు. నేను పెద్దదాన్నై, పెళ్లి చేసుకుని, తిరిగి ఈ దేశానికే టీచరుగా వచ్చాను. ఇప్పుడు ఉండేది రియాద్‌లో. మా ఆయన నిరుడు పోయారు. శుక్రవారం మధ్యాహ్నం ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుంటాను. తోడుగా ఉంటుందనుకోవడానికి, ఈ కాలపు ఏసీలకు మోత కూడా లేదు. అరచెయ్యి గొంతు మీద పెట్టుకుని ఆ కీర్తన పాడుకుంటాను. మా ఆయన్నెందుకు తీసుకెళ్లావని దేవుణ్ణి అడుగుతాను. జవాబు ఇంకా రాలేదు. కానీ గట్టిగా అడగాలని మాత్రం మళ్లీ ఎప్పుడూ అనిపించలేదు.